చలికాలపు రాత్రి, రోహిణి కార్తె మధ్యాహ్నం: కంప్యూటర్ ఫ్యాన్ల వేగం వెనుక ఉన్న లెక్క

డిసెంబరు చివరి వారంలో ఒక రాత్రి, విజయవాడ సత్యనారాయణపురంలోని మా ఇంట్లో సీలింగ్ ఫ్యాన్ ఆపేసి నేను ఒక పుస్తకం ప్రూఫులు దిద్దుతూ ఉంటే, అదే గదిలో పడుకున్న నాన్నగారు ఇటు తిరిగి, "ఆ పెట్టె రొద పెడుతోందిరా, తెల్లవారాక చేసుకోకూడదూ?" అన్నారు. ఆ కంప్యూటర్ కొని అప్పటికి ఎనిమిది నెలలు. ఏప్రిల్ నుంచి అది అదే మూల ఉంది, రోజూ నడుస్తూనే ఉంది, అయినా దాని చప్పుడు గురించి ఇంట్లో ఎవరూ ఒక్క మాట అనలేదు. ఆయన అన్న తరువాత చెవి పెట్టి విన్నాను. పేజీ తిప్పిన ప్రతిసారీ హోరు ఒక్క ఉదుటున లేస్తోంది, నాలుగైదు సెకన్లకు అణుగుతోంది, ఇంకో పేజీ తిప్పగానే మళ్ళీ లేస్తోంది. ప్రూఫులు దిద్దడం కంప్యూటర్‌కు కష్టమైన పనేమీ కాదు. మరి ఆ ఆయాసం దేనికి?

సమాధానం వెతకబోతే ఇందులో మూడు సంగతులు చిక్కుపడి ఉన్నాయని అర్థమైంది. వేడి పెట్టెలోంచి బయటికి ఎలా పోతుందన్నది ఒకటి, ఫ్యాన్ చప్పుడు ఎక్కడ పుడుతుందన్నది రెండోది, మదర్‌బోర్డు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన పలక) ఆ ఫ్యాన్‌ను ఏ లెక్కన తిప్పుతుందన్నది మూడోది. వీటన్నిటి కింద పునాదిలా గది ఉష్ణోగ్రత ఉంది. ఫ్యాన్ల అమరిక గురించి దొరికే సలహాల్లో అధిక భాగం 20, 25 డిగ్రీల గదుల్లో కూర్చుని రాసినవి. వాటిని మే నెల బెజవాడకు ఉన్నవి ఉన్నట్టుగా తెచ్చుకుంటే కుదరదు.

మొదట వేడి సంగతి. ఫ్యాన్ ప్రాసెసర్‌ను, అంటే లెక్కలన్నీ చేసే చిప్‌ను, చల్లబరుస్తుందని మాటవరసకు అంటాం గానీ, అది చేసేదల్లా గదిలోని గాలిని తెచ్చి హీట్‌సింక్ (చిప్ వేడిని పీల్చుకునే లోహపు దిమ్మె) రేకుల మధ్యకు తోయడమే. ఆ గాలి ఎంత వేడిగా ఉందో అంతకంటే కిందికి ప్రాసెసర్‌ను ఏ ఫ్యాన్ కూడా, ఎంత వేగంగా తిరిగినా, దించలేదు. మట్టికుండలో నీళ్ళు గాలికంటే చల్లబడుతున్నాయన్నా, ఫ్యాన్ కింద మన ఒంటికి హాయిగా ఉంటోందన్నా, అక్కడ తడి ఆవిరవుతోంది కాబట్టి. ప్రాసెసర్‌కు చెమట లేదు. కనుక దాని ఉష్ణోగ్రతను ఎప్పుడూ రెండు ముక్కలుగా చూడాలి: గది ఉష్ణోగ్రత ఒక ముక్క, దాని మీద పెరుగుదల రెండో ముక్క. ఫ్యాన్ చేతిలో ఉన్నది ఈ రెండోది మాత్రమే.

ఒక మామూలు హీట్‌సింక్ మీద ప్రాసెసర్ ప్రతి వాటుకు అర డిగ్రీ చొప్పున వేడెక్కుతుందనుకుందాం. 65 వాట్లు ఖర్చయ్యే పనిలో పెరుగుదల సుమారు 32 డిగ్రీలు అవుతుంది. జనవరి రాత్రి గది 24 డిగ్రీలుంటే ప్రాసెసర్ 56 దగ్గర నిలుస్తుంది. మే నెల మధ్యాహ్నం గది 38కి చేరితే, అదే పనికి, అదే ఫ్యాన్ వేగానికి, అది 70 దగ్గర నిలుస్తుంది. ఈ 14 డిగ్రీల తేడాలో ఫ్యాన్ తప్పు ఇసుమంత కూడా లేదు. అయితే పైన ఉన్న హద్దు మాత్రం ఋతువుతో కదలదు. ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి ఆ హద్దు 100 డిగ్రీలు, ఏఎండీ రైజెన్ 7000 వరుసలో చాలావాటికి 95. అక్కడికి చేరగానే చిప్ తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది. అంటే ఎండాకాలంలో నేల పైకి లేస్తుంది, కప్పు ఉన్నచోటే ఉంటుంది, మనం మసలుకోగలిగిన చోటు ఇరుకవుతుంది. ఫ్యాన్ వేగం గురించి తీసుకునే ప్రతి నిర్ణయమూ ఈ ఇరుకులోనే జరగాలి.

హీట్‌సింక్ ఒక్కటే కాక పెట్టె మొత్తానికి కూడా ఇలాంటి లెక్కే ఉంది. లోపల ప్రాసెసర్, గ్రాఫిక్స్ కార్డు కలిసి 200 వాట్లు ఖర్చు చేస్తున్నప్పుడు నిమిషానికి 50 ఘనపుటడుగుల గాలి పెట్టెలోంచి వెళ్తుంటే, బయటికొచ్చే గాలి లోపలికి వెళ్ళిన గాలికంటే సుమారు 7 డిగ్రీలు వేడిగా ఉంటుంది. గాలిని సగానికి తగ్గిస్తే తేడా 14 అవుతుంది. ఆట ఆడేటప్పుడు ఈ 14 చాలా ఎక్కువ. కానీ ప్రూఫులు దిద్దుతున్నప్పుడు, ఖాతాలు రాసుకుంటున్నప్పుడు, పిల్లలు పాఠం వింటున్నప్పుడు పెట్టె మొత్తం 60 వాట్ల దగ్గర ఉంటుంది. అప్పుడు సగం గాలితో కూడా తేడా నాలుగైదు డిగ్రీలకు మించదు. రోజులో మనం కంప్యూటర్‌తో గడిపే సమయంలో ఎక్కువ భాగం ఈ 60 వాట్ల పనే కాబట్టి, ఎక్కువ భాగం సమయం ఫ్యాన్లు నెమ్మదిగా తిరగడానికి భౌతికశాస్త్రపు అభ్యంతరం ఏమీ లేదు.

నెమ్మదిస్తే కలిగే లాభం మనం ఊహించుకునేదానికంటే పెద్దది. ఫ్యాన్ వేగాన్ని సగం చేస్తే అది తోసే గాలి సగమవుతుంది, మోటారు లాగే శక్తి దాదాపు ఎనిమిదో వంతుకు పడిపోతుంది, చప్పుడు సుమారు 15 డెసిబెళ్ళు తగ్గుతుంది. 10 డెసిబెళ్ళు తగ్గితే చెవికి చప్పుడు సగమైనట్టు తోస్తుంది కాబట్టి, 15 తగ్గితే మిగిలేది మూడో వంతే. అంత దూరం పోకుండా నిమిషానికి 1,500 చుట్ల నుంచి 1,200కు దింపినా దాదాపు 5 డెసిబెళ్ళు కలిసొస్తాయి. పైగా గాలి సగమైనంత మాత్రాన ప్రాసెసర్ పెరుగుదల రెట్టింపు కాదు. చిప్‌లో పుట్టిన వేడి ముందు దాని లోహపు మూతను, తరువాత మూతకూ హీట్‌సింక్‌కూ మధ్య పూసే థర్మల్ పేస్ట్‌ను, ఆ పైన హీట్‌సింక్ లోహాన్ని దాటుకుని చివరికి గాలిని చేరుతుంది. ఈ వరసలో ఫ్యాన్ మార్చగలిగింది చివరి మెట్టును మాత్రమే. అందుకే 60 శాతం వేగం నుంచి 100 శాతానికి పెంచినప్పుడు చప్పుడు విపరీతంగా పెరుగుతుంది గానీ ఉష్ణోగ్రత ఆశించినంత దిగదు.

ఇప్పుడు ఆ లేచి పడే హోరు సంగతి. నాన్నగారి నిద్ర చెడగొట్టింది అదే. ఒకే స్థాయిలో సాగే చప్పుడుకు చెవి కాసేపట్లో అలవాటు పడిపోతుంది. మారుతూ ఉండే చప్పుడుకు అలవాటు పడదు, మారిన ప్రతిసారీ మేలుకుంటుంది. పేజీ తిప్పగానే ప్రాసెసర్ ఆ పనిని చిటికెలో ముగించాలని తన వేగాన్ని గరిష్ఠానికి పెంచుతుంది, ఒక్క క్షణంలో దాని ఉష్ణోగ్రత 42 నుంచి 54కు ఎగబాకుతుంది, మదర్‌బోర్డు ఆ 54ను చూసి కంగారుపడి ఫ్యాన్‌ను పరిగెత్తిస్తుంది. నిజానికి ఆ పరుగు వల్ల ఒరిగేది ఏమీ లేదు. 450 గ్రాముల అల్యూమినియం హీట్‌సింక్‌ను ఒక్క డిగ్రీ వేడెక్కించడానికి సుమారు 400 జౌళ్ళ శక్తి కావాలి. 50 వాట్ల అదనపు భారం 5 సెకన్లు ఉన్నా అది 250 జౌళ్ళే, అంటే హీట్‌సింక్ మొత్తం మీద ఒక్క డిగ్రీ కూడా పెరగదు. పెరిగింది గోరంత చిప్‌లో మాత్రమే, ఫ్యాన్ గాలి తగిలేది దానికి కాదు. ఫ్యాన్ వేగం అందుకునే లోపే చిప్ తనంతట తాను చల్లబడిపోతుంది కూడా. అల్పమైన పనికి అంత హోరు పుట్టడానికి మూలం ఇదే, దీన్ని సరిచేయడానికి ఒక్క రూపాయి ఖర్చు లేదు.

మందు ఏమిటంటే ఫ్యాన్ స్పందనలో ఆలస్యం పెట్టడం, చిన్న హెచ్చుతగ్గులను లెక్కచేయవద్దని చెప్పడం. డాబా మీది నీళ్ళ ట్యాంకుకు ఆటోమేటిక్ కంట్రోలర్ పెట్టించుకున్నవారికి ఈ సూత్రం కొత్త కాదు. నీరు అడుక్కు వచ్చినప్పుడు మోటారు మొదలవుతుంది, నిండినప్పుడే ఆగుతుంది. మొదలయ్యే మట్టమూ ఆగే మట్టమూ ఒకటే అయితే ఎవరైనా కుళాయి తిప్పిన ప్రతిసారీ మోటారు ఆగుతూ లేస్తూ కాలిపోతుంది. అలాగే ఫ్యాన్ వేగం పెరిగే ఉష్ణోగ్రతకు, తగ్గే ఉష్ణోగ్రతకు మధ్య నాలుగైదు డిగ్రీల ఎడం ఉంచాలి. చాలా బయోస్‌లలో (మదర్‌బోర్డులోనే ఉండే అమరికల ప్రోగ్రాం) వేగం పెరగడానికి ఎన్ని సెకన్లు తీసుకోవాలో, తగ్గడానికి ఎన్ని సెకన్లు తీసుకోవాలో విడివిడిగా చెప్పే వీలు ఉంటుంది. పెరగడానికి అయిదారు సెకన్లు, తగ్గడానికి దానికి రెట్టింపు పెట్టినప్పుడు పేజీలు తిప్పడం వల్ల వచ్చే హోరు మా పెట్టెలో పూర్తిగా పోయింది.

అయితే ఆ అమరిక దాకా వెళ్ళే ముందు పక్క రేకు విప్పి, ఏ ఫ్యాన్ ఎక్కడ తగిలించి ఉందో కళ్ళారా చూడడం అవసరం. మన ఊళ్ళో చాలామంది కంప్యూటర్లు దుకాణంలో విడిభాగాలు ఎంచుకుని అసెంబుల్ చేయించుకున్నవే, నాదీ అలాంటిదే. ఆ రాత్రి తరువాతి ఆదివారం పెట్టె తెరిచి చూస్తే, ముందువైపు రంగురంగుల లైట్ల ఫ్యాన్లు రెండూ మదర్‌బోర్డుకు కాక, ఎస్‌ఎంపీఎస్ (కరెంటు సరఫరా చేసే డబ్బా) నుంచి వచ్చే నాలుగు లావుపాటి పిన్నుల మోలెక్స్ తీగకు నేరుగా తగిలించి ఉన్నాయి. అలా తగిలించిన ఫ్యాన్‌కు ఎప్పుడూ 12 వోల్టులే అందుతాయి. అది జీవితాంతం పూర్తి వేగంతో తిరుగుతుంది, బయోస్‌లో ఎన్ని అమరికలు మార్చినా దానికి తెలియదు. వెనకవైపు ఫ్యాన్ మదర్‌బోర్డుకే ఉంది గానీ దానిది మూడు పిన్నుల కనెక్టరు, దాన్ని గుచ్చిన హెడరు (బోర్డు మీది పిన్నుల వరస) మాత్రం బయోస్‌లో పీడబ్ల్యూఎం పద్ధతిలో, అంటే సంకేతాలతో వేగం చెప్పే పద్ధతిలో, పెట్టి ఉంది. ఇదీ పూర్తి వేగమే. నియంత్రణలో ఉన్నది నాలుగింటిలో ప్రాసెసర్ మీది ఫ్యాన్ ఒక్కటే.

ఈ పిన్నుల లెక్క తెలిస్తే సగం చిక్కు విడిపోతుంది. మూడు పిన్నుల ఫ్యాన్‌లో ఒకటి గ్రౌండు, ఒకటి 12 వోల్టుల సరఫరా, మూడోది ఫ్యాన్ ఎన్ని చుట్లు తిరుగుతోందో మదర్‌బోర్డుకు చెప్పే తీగ. ఒక్కో చుట్టుకు రెండు సంకేతాల చొప్పున ఆ తీగ మీద వెళ్తాయి. దీని వేగం తగ్గించాలంటే వోల్టేజీ తగ్గించడం ఒక్కటే దారి. నాలుగు పిన్నుల ఫ్యాన్‌కు 12 వోల్టులు ఎప్పుడూ పూర్తిగా అందుతూనే ఉంటాయి, నాలుగో తీగ మీద సెకనుకు 25 వేల సార్లు చొప్పున వెళ్ళే ఆన్, ఆఫ్ సంకేతాలు ఎంత వేగంగా తిరగాలో చెబుతాయి, పీడబ్ల్యూఎం పద్ధతి అంటే ఇదే. మనిషి చెవి 20 వేల దాకా మాత్రమే వినగలదు కాబట్టి ఆ సంకేతాల ఈల మనకు వినపడదు. మూడు పిన్నుల ఫ్యాన్‌ను పీడబ్ల్యూఎం పద్ధతిలో ఉన్న హెడరుకు తగిలిస్తే, ఆజ్ఞ వినే నాలుగో తీగ దానికి లేదు, అందే వోల్టేజీ తగ్గదు; ఇక అది పరిగెత్తక ఏం చేస్తుంది? బయోస్‌లో ఆ హెడరును వోల్టేజీతో వేగం మార్చే డీసీ పద్ధతికి మార్చగానే సమస్య తీరుతుంది. వెనక ఫ్యాన్ విషయంలో నాకు పట్టిన సమయం రెండు నిమిషాలు.

మోలెక్స్ తీగకు ఉన్న ఫ్యాన్లకు మూడు పిన్నుల కనెక్టరు కూడా ఉంటే దాన్ని మదర్‌బోర్డుకు మార్చుకోవచ్చు. ఖాళీ హెడర్లు చాలకపోతే ఒక హెడరుకు రెండు ఫ్యాన్లు తగిలించే స్ప్లిట్టరు తీగ దొరుకుతుంది. చాలా మదర్‌బోర్డుల్లో ఒక్కో హెడరు 1 ఆంపియరు దాకా మోయగలదు, ఫ్యాన్ మధ్యలో అంటించిన కాగితం మీద అది లాగే కరెంటు రాసి ఉంటుంది, సాధారణంగా 0.15 నుంచి 0.3 దాకా, కూడుకుని చూసుకుంటే చాలు. మోలెక్స్ తప్ప మరో కనెక్టరు లేని ఫ్యాన్లను మాత్రం మార్చేయడమే మంచిది. లైట్ల కోసం కొన్న ఫ్యాన్‌ను పారేయడానికి మనసొప్పదు, నిజమే, కానీ నియంత్రణ లేని ఒక్క ఫ్యాన్ మిగిలినా మిగతా వాటిని ఎంత తగ్గించినా ఫలితం చెవికి చేరదు.

ఇక వేగపు గీత. కంప్యూటర్ ఆన్ చేయగానే డిలీట్ మీటగానీ ఎఫ్2 మీటగానీ నొక్కి బయోస్‌లోకి వెళ్తే ఏసస్ బోర్డుల్లో క్యూ-ఫ్యాన్ అనీ, గిగాబైట్‌లో స్మార్ట్ ఫ్యాన్ అనీ, ఎంఎస్‌ఐలో హార్డ్‌వేర్ మానిటర్ అనీ, ఏఎస్‌రాక్‌లో ఫ్యాన్-టాస్టిక్ ట్యూనింగ్ అనీ పేరుతో ఒక పటం మీద గీత కనిపిస్తుంది. అడ్డంగా ఉష్ణోగ్రత, నిలువుగా వేగపు శాతం, మధ్యలో జరపడానికి వీలైన నాలుగైదు చుక్కలు. ఆ చుక్కలు జరిపేముందు ఫ్యాన్ ఎంత నెమ్మదిగా తిరగగలదో తెలుసుకోవాలి. శాతం తగ్గించుకుంటూ పోతే ఒక చోట అది ఆగిపోతుంది. ఆగినదాన్ని మళ్ళీ కదిలించడానికి అంతకంటే కొంచెం ఎక్కువ బలం కావాలి, అందువల్ల ఆగిన శాతం మీద మరో పది కలుపుకుని దాన్నే కనిష్ఠంగా పెట్టుకోవాలి.

చలికాలానికి నేను పెట్టుకున్న గీత ఇది: ప్రాసెసర్ 55 డిగ్రీలు చేరేదాకా ఫ్యాన్ 30 శాతం మీద కదలకుండా ఉంటుంది, 70 దగ్గర 50 శాతం, 85 దగ్గర 100. రాతపనంతా 55 లోపే జరిగిపోతుంది కాబట్టి రాత్రంతా ఫ్యాన్ ఒకే సన్నని శ్రుతిలో తిరుగుతుంది. ఇదే గీతను మేలో ఉంచితే ఏమవుతుంది? ఏ పనీ చేయకుండానే ప్రాసెసర్ 52 దగ్గర ఉంటుంది, పేజీ తిప్పగానే 64కు పోతుంది, మొదట విన్న హోరు మళ్ళీ మొదలవుతుంది. అందువల్ల వేసవి గీతలో చదునైన భాగాన్ని 65 దాకా పొడిగించాను, 75 దగ్గర 70 శాతం పెట్టాను, 85 దగ్గర 100ను కదల్చలేదు. నేల లేచింది కాబట్టి ఎడమ కొస పది డిగ్రీలు జరిగింది. కప్పు కదల్లేదు కాబట్టి కుడి కొస ఉన్నచోటే ఉంది. మధ్యలో ఏటవాలు నిటారైంది.

వేసవి గీతలో ఇంకో మార్పు కూడా ఉంది: చదునైన భాగంలో వేగం 30 కాదు, 45 శాతం. మే నెలలో సీలింగ్ ఫ్యాన్ ఆపి కూర్చోగలిగిన మనిషి కృష్ణా తీరాన ఉండడు. రోళ్ళు పగిలే రోహిణి కార్తెలో పైన ఫ్యాన్ అయిదో నంబరు మీద తిరుగుతూ ఉంటుంది, కిటికీలో కూలరు ఉంటే అదీ హోరెత్తుతూ ఉంటుంది, ఆ చప్పుడు కింద పెట్టెలోని ఫ్యాన్ 45 శాతం మీద ఉన్నా 55 మీద ఉన్నా తేడా తెలియదు. డిసెంబరులో పైన ఫ్యాన్ ఆగిపోతుంది, పెట్టె చప్పుడుకు అడ్డం ఉండదు, కానీ గది చల్లగా ఉంటుంది కాబట్టి పెట్టెకు గాలి అంతగా అక్కర్లేదు. ఎప్పుడు వేగం కావాలో అప్పుడు చప్పుడు దాగిపోతుంది, ఎప్పుడు చప్పుడు బయటపడుతుందో అప్పుడు వేగం అవసరం ఉండదు. ఏసీ లేని ఇంటికి ఇది అనుకోకుండా దక్కిన వెసులుబాటు. ఏడాది పొడుగునా ఒకే గీత పెట్టుకుంటే దీన్ని వదులుకున్నట్టే. చాలా బోర్డుల్లో అమరికను ఒక పేరుతో దాచుకుని తరువాత మళ్ళీ తెచ్చుకోవచ్చు. విండోస్‌లో ఫ్యాన్ కంట్రోల్ అనే ఉచిత ప్రోగ్రాం, లినక్స్‌లో ఎల్ఎం-సెన్సార్స్‌తో పాటు ఉండే ఫ్యాన్‌కంట్రోల్ కూడా ఈ పని చేస్తాయి. అయితే ప్రోగ్రాం ఆగిపోయినా ఆధారం ఉండాలి కాబట్టి బయోస్‌లో కూడా సురక్షితమైన గీత ఒకటి ఉంచాలి.

పెట్టె ఫ్యాన్లు దేన్ని చూసి వేగం మార్చుకోవాలన్నది చాలామంది పట్టించుకోని ప్రశ్న. మామూలుగా అవి కూడా ప్రాసెసర్ ఉష్ణోగ్రతనే అనుసరిస్తాయి, అందుకే ప్రాసెసర్ ఉలిక్కిపడినప్పుడల్లా అన్నీ కలిసి లేస్తాయి. వాటిని మదర్‌బోర్డు ఉష్ణోగ్రతకు ముడిపెడితే పెట్టెలోపలి గాలి నిజంగా వేడెక్కినప్పుడే, అదీ మెల్లగా, స్పందిస్తాయి. గ్రాఫిక్స్ కార్డుతో ఆటలాడేవారు మాత్రం ఆ కార్డు ఉష్ణోగ్రతను కూడా లెక్కలోకి తెచ్చుకోవాలి. ఆ సౌకర్యం సాధారణంగా విండోస్ ప్రోగ్రాంలలోనే దొరుకుతుంది.

గ్రాఫిక్స్ కార్డులకు మన వేసవిలో ఒక వింత ఇబ్బంది ఉంది. ఇప్పటి కార్డుల్లో చాలావాటికి పని లేనప్పుడు ఫ్యాన్లు పూర్తిగా ఆగిపోయే ఏర్పాటు ఉంటుంది, కార్డు 50, 60 డిగ్రీల మధ్య ఎక్కడో ఒక చోటు దాటాకే అవి మొదలవుతాయి. చల్లని గదిలో అది హాయిగా ఉంటుంది. 38 డిగ్రీల గదిలో ఊరికే ఉన్న కార్డు ఆ గడప దగ్గరే నిలబడి ఉంటుంది, అందువల్ల ఫ్యాన్లు లేస్తాయి, నిమిషానికల్లా ఆగుతాయి, మళ్ళీ లేస్తాయి. వేసవి నాలుగు నెలలూ ఎంఎస్‌ఐ ఆఫ్టర్‌బర్నర్ లాంటి ప్రోగ్రాంతో ఆ ఏర్పాటును తీసేసి, 30 శాతం మీద ఆగకుండా తిరగనివ్వడమే ప్రశాంతం.

ఫ్యాన్ వేగం తగ్గించడం కంటే ముందే ఆలోచించదగినది వేడిని పుట్టకుండా చేయడం. ఇంటెల్ కోర్ ఐ5-12400 ప్రాసెసర్‌నే తీసుకుంటే, దాని మూల శక్తి 65 వాట్లు, పరుగులో అది 117 దాకా పోవడానికి అనుమతి ఉంది. బయోస్‌లో ఆ పై అంకెను 65కు కట్టేస్తే, వీడియోలు ఎడిట్ చేసి తయారుచేయడం వంటి బరువు పనులు కొంత ఆలస్యమవుతాయి, రాతకోతల్లో తేడా కనిపించదు, వేడి మాత్రం గట్టిగా తగ్గుతుంది. రైజెన్ బోర్డుల్లో ఇదే పనికి ఎకో మోడ్ ఉంది. ల్యాప్‌టాప్‌లలో ఫ్యాన్ గీత చాలామటుకు మన చేతికి అందదు, కాబట్టి వాటికి ఇదే ప్రధాన మార్గం. విండోస్ పవర్ ప్లాన్‌లో ప్రాసెసర్ గరిష్ఠ స్థితిని 100 నుంచి 99 శాతానికి తగ్గిస్తే చాలా ల్యాప్‌టాప్‌లలో ఆ అదనపు పరుగు ఆగిపోయి హోరు తగ్గుతుంది.

మన ఇళ్ళలో కనిపించే కంప్యూటర్ టేబుల్ గురించి చెప్పకుండా ఉండలేను. దాని కింద సీపీయూ పెట్టడానికి మూడు వైపులా చెక్కతో మూసిన అర ఉంటుంది, పెట్టె అందులో ఇమిడిపోయి అందంగా కనిపిస్తుంది. వెనక ఫ్యాన్ వదిలిన వేడిగాలి గోడకు, చెక్కకు తగిలి, పోయే దారి లేక ముందుకు తిరిగొచ్చి మళ్ళీ లోపలికే వెళ్తుంది. జూన్ మొదట్లో ఒక సాయంత్రం ధర్మామీటరు పెట్టి చూస్తే గదిలో 34, ఆ అరలో 41 ఉంది. ప్రాసెసర్ లెక్కలో గది ఉష్ణోగ్రత అంటే ఆ 41. పెట్టెను అరలోంచి తీసి బయట చిన్న పీట మీద పెట్టడంతో ఏడు డిగ్రీలు కలిసొచ్చాయి, ఎంత ఖరీదైన ఫ్యాన్ పెట్టినా అంత కలిసిరాదు. పక్క రేకు విప్పేసి టేబుల్ ఫ్యాన్ పెట్టడం మరో అలవాటు. గాలి ఆడని పెట్టెలో దానివల్ల ఉష్ణోగ్రత దిగుతుంది, కాదనలేం. కానీ రేకు ఆపుతున్న చప్పుడంతా గదిలోకి వస్తుంది, దానితో పాటు వీధి దుమ్ము లోపలికి చేరుతుంది.

దుమ్ము బెజవాడలో చిన్న విషయం కాదు. ఏలూరు రోడ్డుకు రెండు సందుల అవతల ఉన్న మా ఇంట్లో ముందువైపు జాలీ మీద రెండు నెలలకే బూడిదరంగు పొర పట్టేస్తుంది, పూజగది పొగ, వంటింటి నూనె ఆవిరి కలిస్తే అది జిగురుగా అంటుకుంటుంది. జాలీ మూసుకుపోతే ఫ్యాన్ అంతే వేగంతో తిరుగుతూ తక్కువ గాలి తోస్తుంది. బ్లోయరుతో శుభ్రం చేసేటప్పుడు ఫ్యాన్ రెక్కలను వేలితో పట్టుకుని కదలకుండా ఉంచాలి. గాలి విసురుకు అవి అతివేగంగా తిరిగితే బేరింగు దెబ్బతింటుంది, తిరిగే మోటారు కరెంటు పుట్టించి బోర్డులోకి పంపే ప్రమాదమూ ఉంది. ఎస్‌ఎంపీఎస్‌ను బయటినుంచి ఊదడమే తప్ప ఎప్పుడూ విప్పకూడదు, తీగ పీకేసిన తరువాత కూడా దాని కెపాసిటర్లలో ప్రాణాంతకమైన వోల్టేజీ నిలవ ఉండవచ్చు.

వేగం తగ్గించినా పోని చప్పుళ్ళు కొన్ని ఉంటాయి, వాటి కారణాలు వేరు. ఒకే రకం ఫ్యాన్లు రెండు దాదాపు ఒకే వేగంతో తిరిగినప్పుడు, శ్రుతి రవ్వంత తప్పిన రెండు తంబురలను పక్కపక్కన మీటినట్టు, చప్పుడు అలలు అలలుగా ఊగుతుంది. ఏడు రెక్కల ఫ్యాన్ 1,200 చుట్ల మీద సెకనుకు 140 సార్లు గాలిని కోస్తుంది, 1,230 మీద 143.5 సార్లు, ఆ మూడున్నర తేడాయే సెకనుకు మూడున్నర ఊగులుగా వినిపిస్తుంది. వాటిలో ఒకదాన్ని 150 చుట్లు తగ్గించి పెడితే ఊగు పోతుంది. ఇంకొన్నిసార్లు ఒకానొక వేగం దగ్గర మాత్రమే పక్క రేకు బొంయ్‌మని మోగుతుంది, రేకు మీద అరచేయి ఆనిస్తే ఆగిపోతుంది. గీతలో చదునైన భాగం ఆ వేగం మీద పడకుండా చూసుకోవాలి. గరగరలాడే చప్పుడు అయితే బేరింగుది. చవక ఫ్యాన్లలోని బేరింగు నూనె వేడికి త్వరగా ఎండిపోతుంది, అప్పుడు ఫ్యాన్ మార్చుకోవడమే. మార్చేటప్పుడు పెట్టెలో చోటుంటే పెద్దది తీసుకోవాలి: ఒకే ఆకృతిలో ఉన్న 120 మిల్లీమీటర్ల ఫ్యాన్ 800 చుట్లతో తోసే గాలిని 80 మిల్లీమీటర్ల ఫ్యాన్ తోయాలంటే 2,700 చుట్లు తిరగాలి.

ఏ గీత పెట్టుకున్నా దాన్ని పరీక్షించాల్సింది మాత్రం దాని ఋతువులో, దాని కష్టమైన గంటలో. జనవరి ఉదయం నెగ్గిన అమరిక మే నెల గురించి ఏమీ చెప్పదు. వేసవి గీత పెట్టిన మొదటి ఏడాది, మే మూడో వారంలో, బయట 43 డిగ్రీలు ఉన్న మధ్యాహ్నం మూడు గంటలకు, ఓసీసీటీ ప్రోగ్రాంతో ప్రాసెసర్ మీద పూర్తి భారం వేసి అరగంట కూర్చున్నాను. పక్కన ఉష్ణోగ్రతలు చూపే హెచ్‌డబ్ల్యూఇన్ఫో ప్రోగ్రాంలో అంకెలు చూస్తూ ఉంటే మొదటి అయిదు నిమిషాల్లో ప్రాసెసర్ 79కి చేరింది, తరువాత ఒక్కో డిగ్రీ పెరుగుతూ ఇరవయ్యో నిమిషానికి 84కు వచ్చి అక్కడ నిలిచింది. పాత హార్డ్ డిస్కు 51 చూపించింది. వాటిని 60కి లోపు ఉంచాలంటారు కాబట్టి దాని ముందున్న ఫ్యాన్‌ను మాత్రం ఇంకో పది శాతం పెంచాను. ప్రాసెసర్ ఫ్యాన్ అప్పుడు దాదాపు పూర్తి వేగం మీద ఉంది. పైన సీలింగ్ ఫ్యాన్ తిరుగుతోంది, కిటికీకి తడిపి కట్టిన వట్టివేళ్ళ తడక మీదుగా గాలి వస్తోంది, నాన్నగారు భోజనం చేసి అదే మంచం మీద నిద్రపోతున్నారు. అరగంటలో ఆయన ఒక్కసారి కూడా కదల్లేదు.